స్వేదం, వేపథువు, చేతి గడియారం

చేతి గడియారం టైము చెప్పటం మానలేదు గాని, ఈ మధ్య అది దానికి ముఖ్యమైన పని కాదు. అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర కొలుస్తుంది, గుండె చప్పుడు వింటుంది. అంతటితో ఊరుకొంటే ఒక సాహిత్య సంఘం సంచికలో దాని గురించి రాయవలసిన అవసరం ఉండేది కాదు. మన మనసులో ఏముందో కూడా తనకు తెలుసునంటుంది. మీటింగు మధ్యలో మణికట్టు మీద సన్నగా తట్టి, మీరు ఒత్తిడిలో ఉన్నట్లున్నారు, ఒక్క నిమిషం ఊపిరి మీద ధ్యాస పెట్టండి అని సలహా చెబుతుంది. మన పిక్నిక్కుల్లో నడివయసువాళ్ళు నలుగురు చేరితే షుగరు, కొలెస్టరాలు అంకెల తరువాత ఇప్పుడు స్ట్రెస్ స్కోరు కూడా చెప్పుకొంటున్నారు.

ఒంటి మీద కనిపించే గుర్తులను బట్టి లోపలి భావాన్ని పోల్చి, దానికొక పేరు పెట్టి, పైగా ఏం చెయ్యాలో చెప్పటం వ్యాఖ్యాత పని. మల్లినాథుడు చేసినా మణికట్టు మీది యంత్రం చేసినా వ్యాఖ్యానం వ్యాఖ్యానమే. వ్యాఖ్యానం సరిగా ఉందా లేదా అని అడిగే హక్కు పాఠకులకు ఉంది. సాఫ్ట్‌వేరు రాసి బతికేవాణ్ణి కనక నాకు యంత్రాల మీద కోపం లేదు. ఒక పద్యానికి రాసిన టీకను ఎలా చదువుతామో ఈ గడియారం చెప్పే మాటను అలా చదివి చూడటమే ఇక్కడ నా ప్రయత్నం.

ముందుగా అది చూసేదేమిటో తెలియాలి. గడియారం అడుగున ఆకుపచ్చ దీపాలుంటాయి. రక్తం ఆకుపచ్చ వెలుగును పీల్చుకొంటుంది. గుండె కొట్టుకొన్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరుగుతుంది, వెనక్కు వచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను బట్టి ఒక దెబ్బకూ తరువాతి దెబ్బకూ మధ్య ఎన్ని మిల్లీసెకండ్లు గడిచాయో లెక్క కడుతుంది. నిమ్మళంగా ఉన్న గుండె ఎప్పుడూ సమంగా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కొంచెం వేగం, వదిలినప్పుడు కొంచెం నిదానం. ఒళ్ళు పోరుకో పరుగుకో సిద్ధమైనప్పుడు ఈ తేడా తగ్గి, తాళం బిగుసుకొంటుంది. గార్మిన్ గడియారాల్లో 0 నుంచి 100 దాకా కనిపించే స్కోరు ప్రధానంగా ఈ తేడా మీద కట్టినదే. ఆ లెక్క ఫిన్లండుకు చెందిన ఫస్ట్‌బీట్ అనే కంపెనీది. దాన్ని 2020లో గార్మిన్ కొనుక్కొంది.

రెండో సాధనం చెమట. చెమట పట్టిన చర్మంలో విద్యుత్తు సులువుగా పారుతుంది. ఫిట్‌బిట్ 2020లో తెచ్చిన సెన్స్ గడియారం మీద అరచెయ్యి మూసి కదలకుండా కూర్చుంటే అది కొలిచేది. 2022లో వచ్చిన సెన్స్ 2 మనం అడగకుండానే రోజంతా కొలిచింది. ఆలోచన మాత్రం పాతదే. 1888లో ఫ్రాన్సులో ఫెరే, 1890లో రష్యాలో తార్కనోవ్ ఈ విద్యుత్తు మార్పును గమనించి రాశారు. తరువాత యూంగ్ రోగులకు ఒక్కొక్క మాటే వినిపిస్తూ ఏ మాటకు సూది కదులుతుందో చూశాడు. 1921లో కాలిఫోర్నియాలో బర్క్‌లీ పోలీసు శాఖలో పనిచేసిన జాన్ లార్సన్ రక్తపు పోటునూ ఊపిరినీ ఒకేసారి గీసే యంత్రం కట్టాడు. దానికి తరువాత చెమట కొలత కూడా చేరి, మనం సినిమాల్లో చూసే లై డిటెక్టరు అయింది. దాని కథ ఎలా ముగిసిందో మనకు తెలుసు. ప్రైవేటు కంపెనీలు చాలావరకు ఉద్యోగుల మీద దాన్ని వాడకూడదని 1988లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. ఉద్యోగులను వడపోయటానికి దాన్ని నమ్ముకోదగదని 2003లో నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ తేల్చింది. తప్పు చేసినవాడి చెమటా, చెయ్యనినాడు కూడా తనను నమ్మరేమోనని భయపడేవాడి చెమటా సూదికి ఒకటే. మన గడియారం ఆ వంశంలోదే. మర్యాద నేర్చింది, అంతే.

ఇక భరతుడి దగ్గరకు వద్దాం. ఆడపిల్లలను వారం వారం కూచిపూడి క్లాసుకు కారులో దించి వచ్చే తల్లిదండ్రులకు ఎనిమిది సాత్త్విక భావాల పేర్లు ఎప్పుడో చెవిన పడే ఉంటాయి. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారటం, చెమట పట్టటం, ఒళ్ళు గగుర్పొడవటం, గొంతు పూడుకుపోవటం, వణుకు, రంగు మారటం, కన్నీరు, స్పృహ తప్పటం. మనసు కదిలితే గాని ఇవి ఒంటి మీదకు రావు కనక నటనలో వీటికి ప్రత్యేక గౌరవం. సెన్సరు పట్టుకోగలిగేది వీటినే. అందులోనూ రెండో మూడో.

నాట్యశాస్త్రం ఏడో అధ్యాయంలో భరతుడు ఒక్కొక్క సాత్త్వికానికి కారణాలు చెబుతాడు. స్వేదానికి చెప్పినవి: కోపం, భయం, సంతోషం, సిగ్గు, దుఃఖం, శ్రమ, రోగం, ఎండ, ఇంకా కొన్ని. అంటే చెమటను చూసి భావాన్ని చెప్పలేమన్నది ఆయనకు తెలిసిన సంగతే. అందుకే రసానికి అనుభావం ఒక్కటే చాలదన్నాడు. విభావం ఉండాలి, వ్యభిచారి భావాలు ఉండాలి. ఎవరిని చూసి, ఏ పరిస్థితిలో, ముందూ వెనకా ఏ తలపులతో అన్నది తెలిస్తే తప్ప చెమటకు అర్థం లేదు. పెళ్ళిపీటల మీద కూర్చున్నవాడి అరచేతి చెమటా, హైవే మీద వెనక పోలీసు లైట్లు చూసినవాడి అరచేతి చెమటా సెన్సరుకు ఒకే ఉప్పునీరు.

అన్నీ మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారని చెప్పటం నా ఉద్దేశం కాదు. భరతుడు నటులకు పాఠం చెప్పాడు, శరీరశాస్త్రం చెప్పలేదు. కాని ప్రయోగశాలల వాళ్ళు వేరే దారిన అక్కడికే వచ్చారు. ఒంట్లో కలిగే మార్పు మనకు తెలియటమే భావం అని విలియం జేమ్స్ 1884లో వాదించాడు. 1927లో హార్వర్డులో వాల్టర్ కానన్ దానికి అడ్డుపడి, కోపంలోనూ భయంలోనూ జ్వరంలోనూ లోపలి అవయవాల్లో కలిగే మార్పులు ఒకలాంటివే, వాటిని బట్టి భావాలను విడదీయటం కుదరదన్నాడు. 1974లో వాంకూవరు దగ్గర కపిలానో వేలాడే వంతెన మీద డటన్, ఏరన్ చేసిన ప్రయోగం చాలామంది విని ఉంటారు. ఎత్తయిన ఊగే వంతెన మీద తమను పలకరించిన అమ్మాయికి తరువాత ఫోను చేసిన మగవాళ్ళు, గట్టి వంతెన మీద కలిసినవాళ్ళకంటె ఎక్కువ. గుండె దడకు వాళ్ళే ఒక విభావం వెతుక్కొన్నారన్నది ఆ ప్రయోగానికి చెప్పే అర్థం.

యంత్రం తరఫున వాదించేవాళ్ళు, గడియారంలో కదలికను కొలిచే సెన్సరూ ఉంది, చర్మం వేడిని కొలిచేదీ ఉంది, పరుగెత్తేటప్పుడు అది ఒత్తిడి అని చెప్పదు కదా అంటారు. నిజమే. అంటే భరతుడి జాబితాలో శ్రమను, కొంతవరకు ఎండను కొట్టెయ్యగలిగింది. కోపం, భయం, సంతోషం, సిగ్గు, దుఃఖం, రోగం మిగిలే ఉన్నాయి.

ఇది వట్టి తర్కం కాదనటానికి 2025లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన ఉంది. ఐకో ఫ్రీడ్ బృందం దాదాపు 800 మంది విద్యార్థుల చేతికి గార్మిన్ వీవోస్మార్ట్ 4 కట్టి మూడు నెలలు చూసింది. రోజుకు నాలుగుసార్లు ఎలా ఉన్నావని వాళ్ళనే అడిగింది. నిద్ర విషయంలో గడియారం మాటా మనిషి మాటా కొంత కలిశాయి. ఒత్తిడి విషయంలో చాలామందిలో అసలు పొంతనే లేదు. పాతికవంతు మందిలో గడియారం ఒకటి చెబితే మనిషి సరిగ్గా దానికి ఎదురు చెప్పారు. ఒక విద్యార్థి హుషారుగా ఉన్నప్పుడు కూడా గుండె వేగంగానే కొట్టుకొంటుంది మరి.

ఇంకో చిక్కు ఉంది, అది లెక్కలది. గడియారం పది తప్పుల్లో తొమ్మిది పట్టుకొంటుందని, ఏమీ లేనప్పుడు పదిసార్లకు ఒక్కసారే పొరబడుతుందని ఊహించుకొందాం. మెలకువగా ఉన్న 16 గంటలకు 960 నిమిషాలు. అందులో నిజంగా ఆందోళన పడ్డది 20 నిమిషాలు అనుకొంటే, గడియారం 18 నిమిషాలు పట్టుకొంటుంది. మిగిలిన 940 నిమిషాల్లో 94 నిమిషాలు ఉత్తుత్తి గంట కొడుతుంది. అంటే కొట్టిన ఆరు గంటల్లో అయిదు అబద్ధం. ఇవి నేను వేసుకొన్న అంకెలే, ఏ కంపెనీవీ కావు. అరుదుగా జరిగేదాన్ని అస్తమానం వెతికే ఏ యంత్రానికైనా ఈ బాధ తప్పదు. సర్వరు రూములో అలారాలు పెట్టినవాళ్ళందరికీ ఇది అనుభవమే. నెల తిరిగేసరికి ఆ అలారాన్ని ఎవరూ పట్టించుకోరు.

గడియారం వాడే మాట సంగతి కూడా చూడాలి. ఒకే ఒక్క మాట: స్ట్రెస్. హాన్స్ సెల్యే 1936లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి ఈ ఆలోచన వైద్యంలోకి వచ్చి, అక్కడి నుంచి ఆఫీసుల్లోకి, మన ఇళ్ళల్లోకి వచ్చింది. ఇప్పుడు తెలుగులో మాట్లాడుతూ కూడా స్ట్రెస్సే అంటున్నాం. మన దగ్గర మాటలు లేక కాదు. బెంగ వేరు, దిగులు వేరు. హాస్టలుకు వెళ్ళిన పిల్ల అమ్మ మీద పెట్టుకొనేది బెంగ. బెంగలో ఎవరి మీద అన్నది మాటలోనే ఉంది. దిగులుకు అలా ఎదుటి మనిషి ఉండనక్కరలేదు. విమానం దిగి ఇమిగ్రేషను వరసలో నిలబడ్డప్పుడు కలిగేది గుబులు. పాలు పొంగిపోతుంటే ఫోను మోగితే కంగారు. పిల్లవాడు ఇంకా ఇల్లు చేరకపోతే ఆదుర్దా. పరీక్ష ఫలితం కోసం ఆత్రుత. భరతుడి వ్యభిచారి భావాల్లోనూ శంక, చింత, ఆవేగం, త్రాసం అని భయం చుట్టుపట్ల ఉన్నవాటికే విడివిడి పేర్లున్నాయి. ఒక్కొక్క మాటా తనతోపాటు ఒక విభావాన్ని మోసుకొస్తుంది. అందువల్ల చెయ్యవలసిన పని కూడా మాటలోనే ఉంటుంది. బెంగకు ఫోను చెయ్యాలి, ఆదుర్దాకు కబురు తెలియాలి, కంగారుకు స్టవ్ కట్టెయ్యాలి. స్ట్రెస్ అనే మాటలో ఎవరూ లేరు, ఏదీ లేదు. అందుకే దానికి మందు ఊపిరి ఒక్కటే అయింది.

ఈ విషయంలో సెన్స్ 2 రూపకర్తలను ఒక్క మాటకు మెచ్చుకోవాలి. వాళ్ళు ఆ గడియారం పట్టుకొన్నదాన్ని ఒత్తిడి అనకుండా బాడీ రెస్పాన్స్ అన్నారు, శరీర స్పందన. ఆ తరువాత మీకెలా ఉంది అని అడిగారు. ఆపిల్ 2023లో పెట్టిన స్టేట్ ఆఫ్ మైండ్ కూడా మనల్నే చెప్పమంటుంది. అనుభావాన్ని చూపించి విభావాన్ని మనల్ని పూరించమనటం నిజాయితీ గల పని. అంకె చెప్పి ఊరుకొనేవాటికంటె అడిగేవి నాకు నయమనిపిస్తాయి.

ఇక ఊపిరి సలహా. దీనిని తీసిపారెయ్యటానికి లేదు. నిమిషానికి ఆరు శ్వాసల దాకా నెమ్మదిస్తే రక్తపు పోటును సర్దే వ్యవస్థా గుండె తాళమూ ఒక శ్రుతిలోకి వస్తాయి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం, లాటిన్‌లో మేరీమాత జపం చేసినా ఓం మణి పద్మే హుం అని చదివినా ఊపిరి దానంతట అదే ఆ ఆరు దగ్గరకు వస్తుందని చూపించింది. తులసి మాల తిప్పే మన బామ్మలకు మీటరు పెట్టి చూడలేదు గాని, వాళ్ళదీ అదే లెక్క అయి ఉంటుందని నా ఊహ. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు రోజుకు అయిదు నిమిషాల చొప్పున నెల రోజులు రకరకాల శ్వాస అభ్యాసాలనూ ధ్యానాన్నీ పోల్చి చూశారు. ఆందోళన అన్ని గుంపుల్లోనూ తగ్గింది. మనసు తేటపడటంలో ముందున్నది మాత్రం నిట్టూర్పు: రెండు విడతలుగా పీల్చి, నెమ్మదిగా వదలటం. సంధ్యవేళ నిట్టూర్చకూడదని మా ఇంట్లో పెద్దవాళ్ళు కసిరేవారు. కావ్యాల్లోనైతే నిట్టూర్పు విరహిణి సొత్తు. ఇప్పుడది వైద్యమైంది.

కాని ఒక తేడా గమనించాలి. జపమైనా, సంధ్యావందనంలోని ప్రాణాయామమైనా, స్టాన్‌ఫర్డ్ వాళ్ళ అయిదు నిమిషాలైనా అలారం మోగితే చేసేవి కావు. రోజూ వేళకు, మనసు బాగున్నా బాగాలేకపోయినా చేసేవి. గడియారం చేసేది వేరు: నీకు ఇప్పుడు బాగాలేదు అని ముందు చెప్పి, తరువాత ఊపిరి పీల్చమంటుంది. ఆ మొదటి మాట అందరి మీదా ఒకేలా పనిచెయ్యదు. 1988లో ఏంకె ఎలెర్స్ బృందం పానిక్ వ్యాధి ఉన్నవాళ్ళకు వాళ్ళ గుండె ఒక్కసారిగా వేగం పెరిగినట్లు తప్పుడు చప్పుడు వినిపించింది. నిజమని నమ్మినవాళ్ళలో భయం పెరిగింది, దానితో నిజంగానే గుండె వేగమూ రక్తపు పోటూ పెరిగాయి. డేవిడ్ క్లార్క్ 1986లో పానిక్ గురించి చెప్పిన సిద్ధాంతం సరిగ్గా ఇదే. ఒంట్లో చిన్న మార్పును పెద్ద ప్రమాదంగా అర్థం చేసుకోవటం, ఆ భయంతో మార్పు ఇంకా పెరగటం, అదొక సుడిగుండం. అటువంటి మనిషి మణికట్టు మీద రోజంతా గుండె వార్తలు చదివే యంత్రాన్ని కట్టటం ఎటువంటిదో ఆలోచించాలి. నిద్ర స్కోరు బాగా రావాలన్న తాపత్రయంతోనే నిద్ర పట్టనివాళ్ళ కోసం 2017లో వైద్యులు ఆర్థోసోమ్నియా అని ఒక పేరే పెట్టవలసి వచ్చింది.

మన జీవితాల్లో విభావాలు గాలిలో నుంచి ఊడిపడవు. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మరో ఉద్యోగమో మరో దారో చూసుకోవటానికి 60 రోజులు. చిన్నప్పుడు ఇక్కడికి వచ్చిన పిల్లవాడికి 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది, గ్రీన్‌కార్డు వరస ఇంకా కదలకపోయినా సరే. అర్ధరాత్రి ఇండియా నంబరు నుంచి ఫోను మోగితే ఎత్తేలోపల గుండె ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆ క్షణంలో ఊపిరి పీల్చుకోమనటం తప్పు కాదు. కాని నెల తరబడి అదే అంటుంటే, చికాకు నీ ఒంట్లో ఉంది, నువ్వే సర్దుకో అని చెప్పినట్లవుతుంది. కంపెనీలు ఉద్యోగులకు ఇటువంటి గడియారాలు కానుకగా ఇచ్చి, పని గంటలు మాత్రం తగ్గించకపోవటంలో ఈ వ్యాఖ్యానమే ఉంది. పని చేసేచోటా బడిలోనూ మనుషుల భావాలను యంత్రాలతో ఊహించటాన్ని, వైద్యానికో భద్రతకో తప్ప, యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. అమెరికాలో దేశమంతటికీ అటువంటి చట్టం లేదు. ఆసుపత్రి రికార్డులను కాపాడే హిపా చట్టం మనం కొనుక్కొన్న గడియారం కంపెనీకి మామూలుగా వర్తించదు.

ఇంట్లో జరిగేది నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లలు యాంగ్జైటీ అనే మాటను జలుబు అన్నంత మామూలుగా వాడతారు. అమ్మానాన్నలకు ఆ మాట వినగానే పిచ్చాసుపత్రి గుర్తొస్తుంది. కంగారు పడకు కన్నా, అన్నీ అవే సర్దుకొంటాయి అంటారు. పిల్ల చెప్పింది యాంగ్జైటీ, తల్లి విన్నది కంగారు. ఇప్పుడు ఆ పిల్ల గడియారంలోని గ్రాఫు తీసి చూపిస్తుంది. ఇంజనీరు నాన్న అప్పుడు కూర్చొని చూస్తాడు. మనిషి మాట కంటె అంకె మాటకు విలువ ఎక్కువైన ఇల్లు మనది. గ్రాఫు ఎత్తుగా ఉన్నందువల్ల ఒక పిల్ల గోడు వినిపించిందంటే సంతోషమే. కాని రేపు ఇంకో ఇంట్లో గ్రాఫు చదునుగా ఉంటుంది. నీకేం లేదు, స్కోరు 25 కూడా లేదు కదమ్మా అంటారు. లైడెన్‌లో పాతికవంతు మంది విద్యార్థుల గడియారాలు చెప్పింది ఇటువంటి మాటే.

భరతుడి ముప్పైమూడు వ్యభిచారి భావాల్లో అవహిత్థ అని ఒకటుంది, లోపలి భావాన్ని పైకి కనబడకుండా దాచుకోవటం. ప్రవాసంలో ఉన్నవాళ్ళకు అంత బాగా అలవాటైన భావం ఇంకోటి లేదు. ఆదివారం పొద్దున గుంటూరుకో కరీంనగరుకో ఫోను చేసి, ఇక్కడ అంతా బాగానే ఉంది అంటాం. అటువైపు నుంచీ అదే జవాబు. ఇద్దరి చేతులకూ గడియారాలు కట్టి, రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టినా ఎవరు ఏం దాచారో అందులో ఉండదు.

అదే జాబితాలో అపస్మారం కూడా ఉంది, మూర్ఛ. గడియారం నిజంగా గెలిచింది అక్కడ. ఎం.ఐ.టి.లో 1997లో అఫెక్టివ్ కంప్యూటింగ్ పుస్తకం రాసిన రోజలిండ్ పికార్డ్ తరువాత ఎంపాటికా సంస్థ స్థాపనలో పాలుపంచుకొన్నారు. భావాలను చదవాలని మొదలైన ఆ చెమట సెన్సరు మూర్ఛలను పసిగట్టి ఇంట్లోవాళ్ళకు కబురుపెట్టే ఎంబ్రేస్ గడియారం అయి, 2018లో ఎఫ్.డి.ఎ. అనుమతి పొందింది. 2020లో పీడకలలతో బాధపడే పెద్దవాళ్ళ కోసం, నిద్ర చెడకుండా మణికట్టును తట్టే నైట్‌వేర్‌కు కూడా అనుమతి వచ్చింది. అది డాక్టరు చీటీ ఉంటేనే దొరుకుతుంది. ఈ రెండింటిలోనూ దేనిని పట్టుకోవాలో ముందే తెలుసు, పట్టుకొంటే ఏం చెయ్యాలో తెలుసు. ఒత్తిడి స్కోర్లు చాలావరకు ఇటువంటి పరీక్షకు నిలబడవలసిన పని లేకుండా, ఆరోగ్యంగా ఉండటానికి సాయపడే సాధారణ వస్తువుల కింద అమ్ముడవుతున్నాయి.

రోగం అనే మాట భరతుడి స్వేదం జాబితాలోనే ఉందని పైన చెప్పాను. యాభై దాటిన ఒక ఆవిడకు కారణం లేకుండా దడ వస్తుంటే, చేతులు వణుకుతుంటే, అది థైరాయిడ్ కావచ్చు, రక్తం తక్కువ కావచ్చు, గుండె లయ తప్పటం కావచ్చు. వాచీ స్ట్రెస్ అంది, ఊపిరి వ్యాయామం చేస్తున్నాను అని ఆరు నెలలు గడిపెయ్యటం మంచిది కాదు. ఆందోళనే అయితే దానికీ పద్ధతులున్నాయి. 2006లో వచ్చిన జి.ఎ.డి.-7లో ఉన్నవి ఏడే ప్రశ్నలు, గత రెండు వారాల గురించి. ఒక్కదానికీ సెన్సరు అక్కరలేదు. ఎనిమిదేళ్ళ నుంచి పద్ధెనిమిదేళ్ళ దాకా పిల్లలను ఆందోళన గురించి అడగాలని 2022లో, 65 లోపు పెద్దవాళ్ళనూ అడగాలని 2023లో అమెరికాలోని ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్సు సిఫారసు చేసింది. అందువల్ల వార్షిక పరీక్షకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు ఎదురైతే ఆశ్చర్యపోనక్కరలేదు. ఆపదలో ఉన్నవాళ్ళకు ఇక్కడ 988, ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళకు టెలి మానస్ 14416. పిల్లల డాక్టరు ఆ ఏడు ప్రశ్నలు అడగటానికి ముందు తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోమంటే, మారు మాట్లాడకుండా లేచి వెళ్ళి బయట కూర్చోండి.